మలక్కాకు పెడదారి సలహాలు

మలక్కా వెళ్లేవాళ్లకు అందరూ చెప్పే దారి ఒకటుంది. కౌలాలంపూర్‌లో పొద్దున్నే బస్సెక్కాలి. రెండు గంటల ప్రయాణం. దిగగానే ఎర్రటి డచ్చి చౌకు, అక్కడ క్రైస్ట్ చర్చి, పక్కనే స్టాడ్‌హౌస్. అక్కణ్ణుంచి గుట్టెక్కితే సెయింట్ పాల్ చర్చి శిథిలం, అటువైపు దిగితే పోర్చుగీసు కోట గుమ్మం. వంతెన దాటి జోంకర్ వీధిలో ఒక గంట షాపింగు, ఒక గిన్నె చెండోల్. మధ్యాహ్నం మూడింటికల్లా తిరుగు బస్సు. మొదటిసారి నేనూ అలాగే చూశాను. మమ్మల్ని తిప్పిన గైడు మంచివాడే, పాపం గడియారం అతని చేతిలో లేదు. చౌకులో ఇరవై నిమిషాలు, గుమ్మం దగ్గర పావుగంట, అంగళ్ల దగ్గర గంట. ఇంటికొచ్చాక మా అమ్మాయి "ఏం చూశావు నాన్నా?" అని అడిగితే ఎర్ర గోడలు తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఆ జవాబు చెప్పినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఎందుకంటే నేను బందరువాణ్ణి. మా ఊరు కూడా ఒకప్పుడు ఓడలు ఆగిన రేవే. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు కొట్లు పెట్టుకున్నారు. 1864 నవంబరు ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. పాత రేవు ఎలా బతికిందో చూడాలంటే నాలాంటివాడు మిగతా రేవులకు వెళ్లి చూసుకోవాలి. అలా వెళ్లినవాణ్ణి గోడల రంగు చూసి తిరిగొచ్చాను.

తరవాత రెండుసార్లు వెళ్లాను, ఒక్కోసారి నాలుగైదు రోజులు ఉన్నాను. ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది ఆ మామూలు దారికి పూర్తిగా అడ్డంగా ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు, తోటి ప్రయాణికులు, ఒకరిద్దరు గైడ్లు కూడా ఇవి తప్పుడు సలహాలన్నారు. ఆలోచించే చెబుతున్నాను. ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

ముందుగా ఒక రోజు పాడుచేసుకోండి

మూడు గంటల నడక టూరు కొనుక్కుంటే కొనుక్కోండి. దానికి ముందు ఒక రోజంతా ఏ పనీ లేకుండా ఆ ఊళ్లో కూర్చోండి. డబ్బు పోసి వెళ్లి ఊరికే కూర్చోవడమేమిటని మీ ఇంట్లో అంటారు. కూర్చోకపోతే మాత్రం ఆ ఊరు మీకు అర్థం కాదు. మలక్కా పుట్టిందే ఆగినవాళ్ల కోసం.

1400 ప్రాంతంలో సుమత్రా నుంచి వచ్చిన పరమేశ్వరుడనే రాకుమారుడు ఇక్కడ స్థిరపడ్డప్పుడు ఊళ్లో చెప్పుకోదగ్గ పంట లేదు. బియ్యం జావా నుంచి, సయాం నుంచి, పెగు నుంచి రావలసిందే. ఉన్నదల్లా జలసంధి ఇరుకైన చోట ఒక నదీముఖం, రెండు సముద్రాల గాలులు కలిసే తావు. నైరుతి గాలి వీచే నెలల్లో పడమటి ఓడలు తూర్పుకు వస్తాయి. ఈశాన్యపు గాలి వీచే నెలల్లో చైనా ఓడలు దక్షిణానికి దిగుతాయి. ఒకళ్లను తీసుకొచ్చిన గాలే ఇంకొకళ్లను ఇంటికి పంపేది. అది తిరిగేదాకా సరుకు, సరంగు, షావుకారు అందరూ నెలల తరబడి ఊళ్లోనే ఉండాలి.

1405 నుంచి 1433 దాకా చైనా మింగ్ చక్రవర్తుల నౌకాదళాన్ని నడిపిన జెంగ్ హె ఇక్కడ ఆగాడు. ఆ ప్రయాణాల్లో దుబాసీగా వెళ్లిన మా హువాన్ మలక్కాలో తమవాళ్ల మకాం ఎలా ఉండేదో రాసిపెట్టాడు. చుట్టూ కర్రల కంచె, నాలుగు ద్వారాలు, నగారా గోపురాలు, రాత్రి కాపలా. లోపల ఇంకో కంచె, దానిలో గిడ్డంగులు. అన్ని దేశాలకూ వెళ్లిన ఓడలు అక్కడికి చేరి, సరుకు సర్దుకుని, ఐదో నెల నడిమి రోజుల్లో దక్షిణపు గాలి కుదురుకునేదాకా కదిలేవి కావు. అంత పెద్ద దళం, అంత పెద్ద చక్రవర్తి ఆజ్ఞ ఉన్నా గాలికి ఆగవలసిందే.

అన్నాళ్లు ఆగినవాళ్లు ఊరికే ఉంటారా? గిడ్డంగి కావాలి, ఇల్లు కావాలి, అప్పు కావాలి, తమ దేవుడు కావాలి, పెళ్లాం కూడా కావాలి. తగువు వస్తే తీర్చడానికి తమ భాష తెలిసిన పెద్ద కావాలి. అందుకని మలక్కా సుల్తానులు నలుగురు షాబందర్లను పెట్టారు. గుజరాతీలకు ఒకరు. కెలింగులకు (చోళమండల తీరం నుంచి వచ్చినవాళ్లకు), బెంగాలీలకు, పెగు, పాసై వాళ్లకు ఇంకొకరు. జావా, మలుకు, బందా, పాలెంబాంగ్, లూజోన్ వైపు వాళ్లకు మూడోవాడు. చైనా, చంపా, ర్యుక్యు ఓడలకు నాలుగోవాడు. ఓడ రాగానే ఆ షాబందరు వెళ్లి కలిసి, గిడ్డంగి చూపించి, సరుకు కొలిపించి, కొలువులో పరిచయం చేసేవాడు. పడమటి నుంచి వచ్చిన సరుకు మీద నూటికి ఆరు సుంకం. తూర్పువాళ్లు సుంకానికి బదులు కానుకలిచ్చేవారు. ఈ లెక్కలన్నీ మనకు చెప్పినవాడు తొమే పిరెస్ అనే పోర్చుగీసు మందుల వ్యాపారి. 1512 నుంచి 1515 దాకా అక్కడుండి రాసుకున్నాడు. ఆ రేవులో 84 భాషలు వినపడేవని కూడా ఆయనే రాశాడు.

షాబందరు అన్న మాట విన్నప్పుడు నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. పారశీకంలో బందర్ అంటే రేవు. మా ఊరి పేరు అదే. మలయ్ భాషలో ఆ మాట పట్టణం అన్న అర్థంలో స్థిరపడింది. నగర పాలక సంస్థ బోర్డు మీద 'బందరాయ' అని ఉంటుంది. ఆ బోర్డు కింద నేను చాలాసేపు నిలబడ్డాను. గైడు పిలుస్తూనే ఉన్నాడు.

శ్మశానంతో మొదలుపెట్టండి

చౌకు దగ్గర మొదలుపెట్టకండి. తెల్లవారే వేళకు బుకిట్ చినా వెళ్లండి. శుభమా అని ఊరు చూడ్డానికి వచ్చి వల్లకాడుతో మొదలేమిటని నాతో వచ్చిన మా వదినగారు ససేమిరా అన్నారు. నేను మాత్రం అక్కడే మొదలుపెట్టాలంటాను.

చైనా బయట ఉన్న చైనీయుల శ్మశానాల్లో ఇది చాలా పెద్దది, చాలా పాతది. గుట్ట మీద 12 వేలకు పైగా సమాధులున్నాయి. గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరిగిన గట్లు, గడ్డిలో సగం కూరుకుపోయిన రాళ్లు. ఊళ్లోవాళ్లు ఆ దారుల్లో పొద్దున నడకకు వస్తారు, పరుగులు తీస్తారు. కింద బావి దగ్గర గైడ్లు హాంగ్ లి పో అనే చైనా రాకుమారి కథ చెబుతారు. సుల్తాన్ మన్సూర్ షాకు ఆమెను ఇచ్చి పెళ్లి చేశారని మలయ్ రాజవంశ కథలు చెబుతాయి, మింగ్ చరిత్రల్లో ఆ పెళ్లి ఊసు లేదు. కథ వినండి, తప్పులేదు. మీరు చూడవలసింది మాత్రం పేరులేని ఆ వేల గట్లు. గాలి తిరిగాక కూడా వెళ్లనివాళ్లు, వెళ్లలేకపోయినవాళ్లు, వెళ్లడం ఇష్టం లేక ఉండిపోయినవాళ్లు ఇక్కడున్నారు. రేవు పట్టణాన్ని కట్టింది వాళ్లు. రాజులు, గవర్నర్లు పోయారు, వీళ్లు కదల్లేదు.

1984లో ఈ గుట్టను చదును చేసి ఇళ్లూ దుకాణాలూ కట్టాలనే ఆలోచన వచ్చింది. జనం ఒప్పుకోలేదు. దేశమంతా గొడవైంది, ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఈ సంగతి చాలా టూర్లలో చెప్పరు, అక్కడికి తీసుకెళ్లేదే తక్కువ కాబట్టి.

ఒక గుడ్డముక్క పట్టుకెళ్లండి

కెమెరా వద్దనను. కెమెరాకన్నా ముందు సంచిలో గజం నూలు గుడ్డ పెట్టుకోండి. పెడన అద్దకపు గుడ్డ అయితే మరీ మంచిది. దారంతా చేతిలో పట్టుకుని నడవండి. ఈ సలహా విన్నవాళ్లు నా మొహం ఎగాదిగా చూస్తారు.

ఈ ఊరి వ్యాపారమంతా గుడ్డ మీద నడిచింది. లవంగం మలుకు దీవుల్లో, జాజికాయ, జాపత్రి బందా దీవుల్లో పండేవి. అక్కడివాళ్లకు వెండి బంగారాలకన్నా మన తీరంలో నేసిన, అద్దిన నూలు బట్ట ముద్దు. ఒక్కో దీవికి ఒక్కో రంగు, ఒక్కో అంచు, ఒక్కో కొలత. అంచు తేడా వస్తే ఎవరూ ముట్టరు. అందుకని వర్తకులు ఏ ఊరికి ఏ రకం కావాలో తెలుసుకుని ఏడాది ముందే మన నేతగాళ్లకు బయానాలిచ్చి నేయించేవారు. ఆ బట్ట పులికాట్ నుంచి, అంటే మన ప్రళయకావేరి రేవు నుంచి, ఇంకా మిగతా చోళమండల తీరం నుంచి మలక్కా చేరి, అక్కడ చేతులు మారి, జావా మీదుగా సుగంధ ద్రవ్యాల దీవులకు వెళ్లేది. బట్ట లేనివాడికి లవంగం లేదు. తరవాత డచ్చివాళ్లకు కూడా ఈ సంగతి అర్థమయ్యాకే 17వ శతాబ్దం మొదట్లో బందరులో, పులికాట్‌లో కొట్లు తెరిచారు. మలక్కా కోటను వాళ్లు పట్టుకున్నది 1641లో. మన తీరానికి వచ్చింది అంతకు సుమారు 35 ఏళ్ల ముందు.

చేతిలో ఆ గుడ్డ ఉంటే మీ కళ్లు వేరే వాటి కోసం వెతుకుతాయి. ఈ మూట ఎక్కడ దింపారు, వాన తగలకుండా ఎక్కడ పెట్టారు, ఎవరు కొలిచారు అని అడగాలనిపిస్తుంది. మ్యూజియంలో గాజు వెనక ఉన్న కత్తులు, కిరీటాలు వదిలేసి వీధుల వెంట పోతారు. నా మూడో ప్రయాణంలో జోంకర్ వీధి వెనక ఒక కుట్టుపని ముసలమ్మ నా చేతిలోని గుడ్డను వేళ్లతో నలిపి చూసి, వెనక్కి తిప్పి, అద్దకం వెనకవైపుకు దిగిందో లేదో చూసింది. మా భాషలు కలవలేదు. మా బందరు సంతలో అయినా ఆడవాళ్లు చేసేది అదే.

గైడును ఇరుకున పెట్టండి

గైడు చెబుతున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని పిల్లలకు నేర్పుతాం. మలక్కాలో మాట్లాడండి, మర్యాదగా. ఎందుకంటే మామూలు కథ పాలకుల వరసలో నడుస్తుంది. సుల్తానులు, 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివాళ్లు, తరవాత బ్రిటిష్‌వాళ్లు, 1824 ఒప్పందంలో సుమత్రాలోని బెంకూలెన్ ఇచ్చి మలక్కా పుచ్చుకోవడం, చివరకు స్వాతంత్ర్యం. ఈ వరస తప్పు కాదు. దానిలో ఊరి జనం ఎక్కడా కనపడరు, అదీ నా బాధ.

కాబట్టి "ఇది ఎవరు కట్టారు?" అని అడగొద్దు. ఎవరు అద్దెకున్నారని అడగండి. సుంకం ఎక్కడ కట్టేవారు, తూకం ఎవరి చేతిలో ఉండేది, పోర్చుగీసులకు లోపలినుంచి సాయం చేసిందెవరు, ఇవి అడగండి. ఆ చివరి ప్రశ్నకు జవాబు నిన చట్టు అనే కెలింగు వర్తకుడు. సుల్తాను చెరలో ఉన్న పోర్చుగీసులకు సాయపడ్డాడు. పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్క్ ఊరిని గెలిచాక అతణ్ణి బెందహారను, అంటే మంత్రిని చేసి, ముస్లిములు కాని జనం మీద పెద్దరికం ఇచ్చాడు. అతనితో పొత్తు కలిసే పోర్చుగీసులు మొదటి వ్యాపార ఓడలు పంపారు. పేరులోని ఆ చివరి ముక్క మన చెట్టి, సెట్టి అన్న మాటే. అతణ్ణి ద్రోహి అంటారో, వ్యాపారి అంటారో మీ ఇష్టం. అతని పేరు లేకుండా 1511 కథ చెబితే మాత్రం అది సగం కథ.

ఇలా అడిగితే మంచి గైడుకు కోపం రాదు. రెండోసారి మాకు దొరికిన పెద్దాయన మూడో ప్రశ్నకే జెండా కర్ర చంకలో పెట్టుకుని, రోజూ అడగనివి ఇవేనంటూ మమ్మల్ని క్రైస్ట్ చర్చిలోకి తీసుకెళ్లి నేల చూపించాడు. 1753లో పూర్తయిన ఆ డచ్చి చర్చిలో అందరూ తలెత్తి దూలాలు చూస్తారు. నేలలో ఆర్మేనియన్ లిపిలో చెక్కిన సమాధి రాయి ఉంది. పారశీక దేశం నుంచి మద్రాసు, అక్కణ్ణుంచి మలక్కా దాకా వర్తకం చేసిన జాతి వాళ్లది. డచ్చి చర్చిలో ఆర్మేనియన్ షావుకారు ఎందుకు పడుకున్నాడో ఆ పెద్దాయన అరగంట చెప్పాడు. టూరు రెండు గంటలు పెరిగింది. ఆ రెండు గంటలకూ డబ్బివ్వండి, బేరమాడకండి.

కోటకు వీపు పెట్టండి

పోర్చుగీసు కోట గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు చాలు. ఎ ఫమోసా అన్న ఆ కోటలో ఇప్పుడు నిలిచి ఉన్న ముఖ్యమైన ముక్క ఇదొక్కటే. పైన కనపడే ముద్ర డచ్చి కంపెనీది, చెక్కిన సంవత్సరం 1670. కోట కట్టడానికి సుల్తానుల సమాధుల రాళ్లు, మసీదుల రాళ్లు కూడా వాడారు. డచ్చివాళ్లు ఐదు నెలలు ముట్టడించి దాన్ని పట్టుకున్నారు, బ్రిటిష్‌వాళ్లు 1807లో మందుగుండుతో పేల్చేశారు. ఆ పేల్చివేతను చిన్నతనంలో చూసిన మున్షీ అబ్దుల్లా తరవాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. గుమ్మాన్ని ఫొటో తీసుకున్నాక దానికి వీపు పెట్టి నిలబడి ఎదురుగా చూడండి. ఒకప్పుడు సముద్రం ఇంచుమించు ఇక్కడిదాకా వచ్చేది. ఇప్పుడు కనపడేది మైదానం, మాలు, కారు పార్కింగు. ఓడలు ఆగిన నీళ్లు మట్టి కింద ఉన్నాయి. మలక్కాలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఈ దృశ్యం. దీన్ని ఏ టూరూ చూపించదు.

ఎర్ర చౌకు గురించి ఒక్క మాట. డచ్చివాళ్ల కాలంలో స్టాడ్‌హౌస్ తెల్లగా ఉండేది. ఆ ఎరుపు బ్రిటిష్ పాలనలో వచ్చింది. డచ్చి రంగు అనుకుని ఫొటో దిగకండి.

వాన కోసం చూడండి, వచ్చాక గొడుగు తెరవకండి

మధ్యాహ్నం వాన పడే నెలల్లోనే వెళ్లండి. అక్టోబరు, నవంబరు మంచివి. ట్రావెల్ ఏజెంట్లు వద్దంటారు. వాన పడ్డప్పుడు హోటలుకు పరుగెత్తకండి, గొడుగు తియ్యకండి, వంతెన దాటి పాత వీధుల్లోకి పోయి ఏదో ఒక ఇంటి నడవాలోకి ఎక్కండి.

ఇళ్ల ముందు పైకప్పుతో ఉండే ఆ నడవాలను మలయ్‌లో కకి లిమా అంటారు, ఐదడుగులు అని. సింగపూరుకు 1822లో ప్లాను వేయించినప్పుడు రాఫిల్స్ పెట్టిన నియమం అది. ప్రతి ఇంటివాడూ తన ముంగిట దారినపోయేవాడి కోసం నీడ వదలాలి. ఆ నియమం జలసంధి పట్టణాలన్నిటికీ పాకింది. ఎండకూ వానకూ ముక్కూ మొహం తెలియనివాడు మీ ముంగిట్లో నిలబడవచ్చు. మన పాత వీధి అరుగులాంటిదే. మలక్కాలో కొంతమంది దానికి అడ్డంగా గోడలు కట్టారు, కొన్నిచోట్ల మోటారు సైకిళ్లు నిలిపారు. మిగిలినచోట నిలబడితే లోపలి ఇల్లు కనపడుతుంది. ముందు సన్నగా మొదలై లోపలికి లోపలికి పోతూ, నడుమ వాన పడే చిన్న మండువా, దాని వెనక ఇంకో గది, ఇంకో మండువా. హీరెన్ వీధి ఇళ్ల వెనక వాకిళ్లు ఒకప్పుడు సముద్రం మీదికి తెరుచుకునేవి. ఆ వీధి 8వ నంబరు ఇంటిని బదాన్ వారిసాన్ అనే వారసత్వ సంస్థ ఉన్నది ఉన్నట్టు బాగుచేసి పెట్టింది. డబ్బున్నవాళ్ల భవనాలకన్నా ముందు ఆ మామూలు ఇల్లు చూడండి.

వాన తగ్గేదాకా అంగళ్ల బోర్డులు చదవండి. 'కెడై' అంటే దుకాణం, తమిళ 'కడై' నుంచి వచ్చింది. ఓడకు 'కపల్', అదీ తమిళమే. పెట్టుబడికి 'మోదల్', తమిళ 'ముదల్', మన 'మొదలు'. ఆగిన జనం వదిలివెళ్లిన మాటలివి.

నిలబడడానికి నేను చెప్పే చోటు తుకాంగ్ ఎమాస్ వీధి, అంటే కంసాలుల వీధి. అదే వరసలో తుకాంగ్ బెసి, కమ్మరుల వీధి. ఇంకా తొకాంగ్ వీధి, చైనా గుడిది. ఒకే వరసలో, పది నిమిషాల నడకలో, మూడు మతాల గుళ్లు. 1781లో డచ్చివాళ్లు ఇచ్చిన నేల మీద హిందూ వర్తకుల వారసులైన చిట్టీలు కట్టుకున్న వినాయకుడి కోవెల, 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు, 17వ శతాబ్దపు చెంగ్ హూన్ తెంగ్ గుడి. టూరు వాళ్లు దీన్ని సామరస్యపు వీధి అని ఒక ముక్క చెప్పి దాటించేస్తారు. మీరు మసీదు ఒక్కదాని ముందు గంటసేపు ఉండండి. మినార్ చైనా గోపురంలా అంతస్తులుగా లేస్తుంది. కప్పు జావా తరహాలో మూడు మెట్లు. స్తంభాల తలలు యూరపువి, పలకలు ఇంగ్లీషు, పోర్చుగీసు పింగాణీవి, లోపల ప్రసంగపీఠం మీది చెక్కడం చూస్తే హిందూ గుడి పనితనం గుర్తొస్తుంది. సామరస్యం గురించి ఉపన్యాసమిచ్చి ఎవరూ ఇలా కట్టించరు. ఆ వీధిలో ఏ పనివాడు దొరికితే వాడితో చేయించారు. నెలల తరబడి పక్కపక్క ఇళ్లల్లో ఉన్న జనానికి ఇది మామూలు సంగతి.

ఆ వీధుల్లో కంసాలి, కమ్మరి ఇప్పుడు అరుదు. మలేషియాలో పాత అద్దె నియంత్రణ చట్టం రద్దయి 2000 నుంచి అద్దెలు విడుదలయ్యాక, తక్కువ అద్దెకు తరాలుగా ఉన్న పనివాళ్లు చాలామంది ఖాళీ చేశారు. వాళ్ల చోట్లలోకి కాఫీ కొట్లు, బొమ్మల అంగళ్లు, హోటళ్లు వచ్చాయి. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో జార్జ్‌టౌన్‌తో కలిపి మలక్కాను చేర్చింది. గోడలకు రక్షణ వచ్చేసరికి గోడల మధ్య బతికినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. మీరు అక్కడ డబ్బు ఖర్చుపెడితే, ఇంకా చేత్తో పనిచేస్తున్న కొట్లో పెట్టండి. రేకు పనివాడైనా సరే, అగరొత్తుల వాడైనా సరే.

మనవాళ్లని సంబరపడకండి

ఇది అన్నిటికన్నా కష్టమైన సలహా. తెలుగువాడు విదేశంలో తన జాడ కనపడితే ఆగలేడు. క్లింగ్ అన్న మాట కళింగ నుంచి వచ్చిందని వినగానే నేనూ ఆగలేకపోయాను. చోళమండల తీరం నుంచి వచ్చిన తమిళులను, తెలుగువాళ్లను కలిపి ఆ ఊళ్లో ఆ పేరుతో పిలిచేవారు. మసీదుకూ, పడమటి తీరంలోని తంజుంగ్ క్లింగ్‌కూ ఆ పేరు మిగిలింది. కాని మలేషియాలో ఈనాడు ఆ మాట ఒక భారతీయుడి మొహం మీద అంటే తిట్టు. నేను ఒక టాక్సీలో గర్వంగా ఆ మాట పలికితే నడుపుతున్న తమిళాయన మౌనంగా అయిపోయాడు. దిగేటప్పుడు క్షమించమని అడిగాను. మీరు అలా అడగవలసిన పరిస్థితి తెచ్చుకోకండి.

గజా బెరాంగ్‌లో చిట్టీల కాలనీ ఉంది. ఆ రోజుల్లో గాలి కోసం ఆగి, ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడి ఉండిపోయిన వర్తకుల వారసులు. ఇంట్లో మాట్లాడేది మలయ్, కట్టేది సారోంగ్ కెబాయా, కొలిచేది శివుణ్ణి, మారియమ్మను. భోగినాడు పార్చు అనే పూజ చేస్తారు. చనిపోయిన పెద్దలకు అరిటాకులో అన్నం, కూరలు, పిండివంటలు వడ్డించి, వాళ్లు తిన్నాక ఇంటివాళ్లు తింటారు. మన సంక్రాంతి పెద్దల పండుగ లాంటిదే, ఒక రోజు ముందు.

అక్కడికి వెళ్లి "మీరూ మావాళ్లే" అనకండి. ఐదు వందల ఏళ్లుగా వాళ్లు మలక్కావాళ్లు. వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు మీరు అతిథులు, తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చిన అన్న కాదు. వాళ్లే అడిగితే భోగి గురించి చెప్పండి. లేకపోతే ఆకులో పెట్టింది తిని రండి. సంచిలోని ఆ గుడ్డముక్క ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే ఇక్కడ ఇవ్వండి. నేను ఇచ్చాను.

చివర్న గుట్ట ఎక్కండి

సెయింట్ పాల్ గుట్ట మీదికి మొదటిరోజే ఎక్కిస్తారు. మీరు చివరిరోజు సాయంత్రానికి దాచుకోండి. 1521లో కట్టిన చర్చి ఇప్పుడు కప్పులేని గోడలు. ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని గోవాకు తీసుకెళ్లే ముందు 1553లో కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. లోపల గోడకు ఆనించిన డచ్చి సమాధి రాళ్లు మనిషి ఎత్తున ఉంటాయి. అప్పటికి మీకు బుకిట్ చినా తెలుసు, వీధి తెలుసు, చిట్టీల వాకిలి తెలుసు. ఇప్పుడు ఈ గవర్నర్ల రాళ్లను చూస్తే వాటి స్థానం ఎంతో మీకే తెలుస్తుంది. పడమటికి తిరిగి జలసంధిని చూడండి. కంటైనర్ ఓడలు పోతుంటాయి. ప్రపంచంలో అతి రద్దీ అయిన సముద్రమార్గాల్లో ఇదొకటి. ఆ ఓడలకు గాలితో పనిలేదు. మలక్కాలో ఆగవు, ఆగవలసిన అవసరమూ లేదు.

మీరు ఆగండి. మూడింటికి ఆ బస్సు హారన్ కొడుతుంది, గుంపు లెక్కపెడతారు, మీ పేరు పిలుస్తారు. రానని ముందే చెప్పేయండి. మర్నాడు కూడా మలక్కా సెంట్రల్ నుంచి కౌలాలంపూర్‌కు బస్సులున్నాయి.